క్రిప్టోజోవన్: శిలాజ స్పంజికలు, స్ట్రొమటోలైట్లు, పల్నాటి సున్నపురాయి

క్రిప్టోజోవన్ అనేది గుమ్మటం ఆకారంలో ఉండే ఒక రకం పొర శిలాజాలకు పెట్టిన ప్రజాతి నామం. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో సరటోగా స్ప్రింగ్స్ దగ్గర దొరికిన నమూనాలను బట్టి జేమ్స్ హాల్ 1883లో ఈ ప్రజాతిని నెలకొల్పాడు. దీని మూల జాతి క్రిప్టోజోవన్ ప్రొలిఫెరం. సుమారు 49 కోట్ల ఏళ్ళ కిందట, కేంబ్రియన్ యుగం చివరి దశలో, లోతు తక్కువైన వెచ్చని సముద్రం అడుగున ఈ గుమ్మటాలు పెరిగాయి. ఇవి జంతు అవశేషాలా, శైవలాల కట్టడాలా, రెండూ కలిసి కట్టినవా అనే చర్చ నేటికీ సాగుతోంది. దీన్ని తొలి స్ట్రొమటోలైట్ (సూక్ష్మజీవుల చాపలు కట్టిన పొరల రాయి) నమూనాగా పాఠ్యపుస్తకాలు చాలాకాలం చూపాయి. ఇందులో స్పంజికల కణజాలం ఉందని 2021లో వెలువడిన పరిశోధన ఆ నిర్ధారణను కదిలించింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే కోవకు చెందిన పొర కట్టడాలు కడప ద్రోణి శిలల్లో విస్తారంగా ఉన్నాయి. ఆ ద్రోణి ఈశాన్య భాగమే పల్నాడు. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలకు పడమటి అంచున మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతాల్లో నేలకు కొద్ది అడుగుల లోతులోనే పాత సముద్రపు సున్నపురాయి తగులుతుంది. ప్రకాశం ప్రాంతంలో మార్కాపురం వైపు అదే ద్రోణికి చెందిన పలకరాయి, ఒంగోలు వైపు దానికంటే ఎంతో చిన్న వయసున్న సముద్ర పొరలు ఉన్నాయి. స్పంజికలు పుట్టక ముందు సముద్రం ఎలా ఉండేదో, పుట్టి విస్తరించాక ఎలా మారిందో పోల్చి చూడడానికి ఈ మైదానాల చుట్టూ ఉన్న శిలలు పనికివస్తాయి.

ఆకారం, నిర్మాణం

క్రిప్టోజోవన్ గుమ్మటాలు కొన్ని అంగుళాల నుంచి రెండు మూడు అడుగుల వెడల్పు దాకా ఉంటాయి. నిలువుగా కోసి చూస్తే పైకి ఉబ్బిన సన్నని పొరలు ఒకదానిమీద ఒకటి పూతరేకు మడతల్లా కనిపిస్తాయి. అడ్డంగా కోస్తే ఒకే కేంద్రం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. సరటోగా దగ్గరి లెస్టర్ పార్కులో మంచుయుగపు హిమానీనదాలు రాతి పైభాగాన్ని నున్నగా చెక్కేశాయి. అందువల్ల అక్కడ గుమ్మటాల అడ్డుకోత సహజంగానే నేలమీద పరచుకుని ఉంది. ఒక పెద్ద గుమ్మటం పక్కనే చిన్నవి మొలిచి, తరవాత అన్నీ కలిసిపోయి ఒకే దిబ్బగా ఏర్పడిన తీరు అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

ఒక్కో పొర మందం సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లకు మించదు. ముదురు రంగు పొర, లేత రంగు పొర ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. ముదురు పొరల్లో సున్నపు బురద మెత్తగా, దట్టంగా ఉంటుంది. లేత పొరల్లో స్ఫటికాలు కాస్త పెద్దవిగా ఉంటాయి. గుమ్మటాల మధ్య సందుల్లో అలలకు దొర్లిన సున్నపు గుళికలు, గవ్వల ముక్కలు నిండి ఉంటాయి. ఈ సందులను చూసే అక్కడి నీరు లోతు తక్కువని, అలల తాకిడి ఉండేదని నిర్ధారించారు.

వర్గీకరణ చరిత్ర

సరటోగా రాళ్ళ గురించి 1825లోనే జాన్ స్టీల్ రాశాడు. ఆయన వాటిని జీవంతో సంబంధం లేని రాతి ముద్దలుగా భావించాడు. హాల్ వచ్చాక అవి జీవుల అవశేషాలని తేల్చి ప్రజాతి పేరు పెట్టాడు. అయితే అవి ఏ జీవులవన్న ప్రశ్న అలాగే మిగిలింది. 1908లో ఎర్న్‌స్ట్ కాల్కోవ్‌స్కీ జర్మనీలోని పొర సున్నపురాళ్ళను వర్ణిస్తూ స్ట్రొమటోలైట్ అనే మాటను ప్రవేశపెట్టాడు. సూక్ష్మమైన మొక్కజాతి జీవుల చర్యవల్ల అవి ఏర్పడ్డాయని ఆయన అభిప్రాయం. 1914లో చార్లెస్ వాల్కాట్ ఉత్తర అమెరికా శిలల్లోని ఇటువంటి రూపాలకు కొలీనియా అనే మరో ప్రజాతి పేరు పెట్టాడు. 1938లో వినిఫ్రెడ్ గోల్డ్రింగ్ సరటోగా దిబ్బలను శైవలాలు కట్టిన గట్లుగా వివరించింది.

ఈ వాదానికి బలమైన ఊతం ఆస్ట్రేలియా పడమటి తీరంలోని షార్క్ బే నుంచి వచ్చింది. అక్కడి హామెలిన్ పూల్ అనే అఖాతంలో పెరుగుతున్న సజీవ స్ట్రొమటోలైట్లను 1950ల మధ్యలో శాస్త్రజ్ఞులు గుర్తించారు. అక్కడి నీటిలో ఉప్పు మామూలు సముద్రపు నీటికి దాదాపు రెట్టింపు. ఆ ఉప్పును నత్తలు, ఇతర మేసే జంతువులు తట్టుకోలేవు. అందువల్ల మేసే జీవులు లేక సూక్ష్మజీవుల చాపలు పెరుగుతాయి. పెరుగుదల వేగం ఏడాదికి అర మిల్లీమీటరుకు మించదు.

స్ట్రొమటోలైట్ ఏర్పడే విధానం ఇది. సయనోబాక్టీరియా, అంటే నీలి ఆకుపచ్చ శైవలాలు, నేలమీద జిగురు చాపలా పరుచుకుంటాయి. నీటిలో కొట్టుకొచ్చే సన్నని రేణువులు ఆ జిగురుకు అంటుకుంటాయి. కిరణజన్య సంయోగక్రియలో ఈ జీవులు నీటిలోని కార్బన్ డయాక్సైడును తీసుకోవడంవల్ల కాల్షియం కార్బొనేట్ అవక్షేపంగా దిగుతుంది. వెలుతురు అందకుండా పైన రేణువులు కప్పితే తంతువులు పైకి జరిగి కొత్త చాప అల్లుతాయి. అడుగున మిగిలింది ఒక పొర. ఇలా పెరిగిన రాయిలో జీవి శరీరం సాధారణంగా మిగలదు, దాని పని మాత్రమే మిగులుతుంది. అందుచేత కొలీనియా, కోనోఫైటాన్ వంటి పేర్లు జీవశాస్త్రపు అర్థంలో ప్రజాతులు కావు, ఆకారాన్ని బట్టి పెట్టుకున్న రూప ప్రజాతులు మాత్రమే.

ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో సుమారు 348 కోట్ల ఏళ్ళనాటి స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందటి నుంచి వీటి వైవిధ్యం తగ్గుముఖం పట్టింది. చాపలను మేసే, తవ్వే జంతువులు రావడం ఈ క్షీణతకు ఒక కారణమని చాలామంది అంగీకరిస్తారు.

శిలాజ స్పంజికలు

స్పంజికలు పొరిఫెరా వర్గానికి చెందిన బహుకణ జంతువులు. నోరు, పేగు, నరాలు వీటికి లేవు. శరీరమంతా ఉన్న సన్నని రంధ్రాల గుండా నీరు లోపలికి వచ్చి, కుల్యా వ్యవస్థ గుండా ప్రవహించి, పెద్ద రంధ్రం నుంచి బయటికి పోతుంది. కశాభాలున్న కొయానోసైట్ కణాలు ఆ ప్రవాహాన్ని నడిపి, నీటిలోని ఆహార రేణువులను పట్టుకుంటాయి. నేడు తొమ్మిది వేలకు పైగా జాతులు ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం సముద్రంలోనివే.

స్పంజిక శిలాజంగా మిగలడం దాని అస్థిపంజరాన్ని బట్టి ఉంటుంది. చాలా స్పంజికల్లో సిలికాతోగాని కాల్షియం కార్బొనేట్‌తోగాని ఏర్పడిన సూదుల్లాంటి కంటకాలు ఉంటాయి. జంతువు కుళ్ళిపోయాక ఇవి చెల్లాచెదురై బురదలో మిగులుతాయి. మరికొన్ని స్పంజికలు కంటకాలతోపాటు గట్టి సున్నపు పునాది కట్టుకుంటాయి. ఇంకొన్నింటికి కంటకాలే ఉండవు. స్పాంజిన్ అనే ప్రోటీను నారల అల్లిక మాత్రమే ఉంటుంది. స్నానానికి వాడే స్పాంజి ఈ చివరి రకం. దీన్ని శిలలో గుర్తించడం మిగిలినవాటికంటే కష్టం.

అంతరించిన స్పంజిక సముదాయాల్లో మూడు ఇక్కడ పేర్కొనదగినవి. మొదటిది ఆర్కియోసయాతా. కప్పు ఆకారం, రెండు గోడలు, వాటి మధ్య అడ్డుగోడలు దీని గుర్తులు. 1861లో బిల్లింగ్స్ ఆర్కియోసయాథస్ ప్రజాతిని వర్ణించాడు. కేంబ్రియన్ తొలి భాగంలో దిబ్బలు కట్టిన తొలి జంతువులు ఇవే. ఆ యుగం ముగిసేసరికి ఇవి కనుమరుగయ్యాయి. రెండోది స్ట్రొమటోపోరాయిడ్లు. 1826లో గోల్డ్‌ఫుస్ పేరుపెట్టిన స్ట్రొమటోపోరా ఈ సముదాయంలోని ప్రజాతి. ఆర్డొవిషియన్ నుంచి డెవోనియన్ దాకా సముద్రపు దిబ్బల నిర్మాణంలో ఇవి ముఖ్యమైనవి. వీటిని చాలాకాలం పగడాల బంధువులైన హైడ్రోజోవాలుగా లెక్కించారు. జమైకా తీరంలో సున్నపు పునాది కట్టే సజీవ స్పంజికలను హార్ట్‌మన్, గోరో పరిశీలించి 1970లో పోలిక చూపాక వీటిని స్పంజికల్లో చేర్చారు. ఉపరితలం మీద నక్షత్రంలా చీలిన కాలువల గుర్తులు ఆ నిర్ణయానికి ఆధారం. నీరు బయటికి పోయే మార్గాల ముద్రలవి. మూడోది కంటకాలు లేని కెరటోస్ స్పంజికలు.

క్రిప్టోజోవన్ పునఃపరిశీలన

కెరటోస్ స్పంజిక కుళ్ళేటప్పుడు దాని మెత్తని దేహం చుట్టూ సున్నం త్వరగా గట్టిపడితే నారల స్థానంలో సన్నని గొట్టాలు మిగులుతాయి. తరవాత ఆ గొట్టాలలో కాల్సైట్ స్ఫటికాలు నిండుతాయి. రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ముదురు బురద నేపథ్యంలో పురుగుల్లా మెలికలు తిరిగిన తెల్లని గొట్టాలు కనిపిస్తాయి. అవి చీలి, మళ్ళీ కలిసి, మూడు దిక్కులా వలలా అల్లుకుని ఉంటాయి.

జియోంగ్ హ్యూన్ లీ, రాబర్ట్ రైడింగ్ 2021లో క్రిప్టోజోవన్ ప్రొలిఫెరం నమూనాల్లో ఇటువంటి వలలను చూపారు. గుమ్మటంలోని కొన్ని పొరలు స్పంజికవనీ, కొన్ని సూక్ష్మజీవుల చాపలవనీ, రెండూ ఒకదాని తరవాత ఒకటి పెరిగి దిబ్బ కట్టాయనీ వారి నిర్ణయం. ఇది నిలిస్తే 1883లో వచ్చిన ప్రజాతి పేరు పాక్షికంగా జంతువుకే చెందుతుంది. ఇటువంటి గొట్టాల అల్లిక జంతువు లేకుండా, సూక్ష్మజీవుల చాపలు కుళ్ళడంవల్ల కూడా రావచ్చని అభ్యంతరం చెప్పేవారున్నారు. కెనడాలోని మెకంజీ పర్వతాల్లో 89 కోట్ల ఏళ్ళనాటి దిబ్బల్లో ఇదే రకం అల్లికను ఎలిజబెత్ టర్నర్ 2021లోనే ప్రకటించింది. అది స్పంజిక అయితే జంతువుల పుట్టుక ఎంతో వెనక్కి జరుగుతుంది. అందుకే ఆ ప్రకటన మీద వివాదం ఇంకా ఎక్కువ.

వివాదంలేని స్పంజిక కంటకాలు కేంబ్రియన్ ప్రారంభ శిలల నుంచి, అంటే సుమారు 53 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి దొరుకుతున్నాయి. చైనాలో సుమారు 55 కోట్ల ఏళ్ళనాటి పొరల నుంచి హెలికోలోసెల్లస్ అనే స్పంజికను 2024లో వర్ణించారు. ఈ కాలరేఖ పల్నాటి రాయిని అర్థం చేసుకోవడానికి కీలకం.

కడప ద్రోణి స్ట్రొమటోలైట్లు

కడప ద్రోణి నెలవంక ఆకారంలో ఉంటుంది. దాని విస్తీర్ణం సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు. ఈ శిలలను మొదట సమగ్రంగా వివరించినది భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. 1872లో వెలువడిన ఆయన గ్రంథం వీటిని కడప, కర్నూలు అని రెండు పెద్ద సముదాయాలుగా విభజించింది.

కడప సముదాయంలో గుల్చెరు క్వార్ట్‌జైట్ మీద వేంపల్లె శిలలు ఉంటాయి. స్ట్రొమటోలైట్లు దట్టంగా కనిపించేది ఈ వేంపల్లె డోలమైట్, సున్నపురాళ్ళలోనే. వాటికి పైన ఉండే తాడిపత్రి శిలల్లోనూ ఇవి ఉన్నాయి. చదునైన అలల్లాంటి పొరలు, గుమ్మటాలు, పక్కపక్కన నిలిచిన స్తంభాలు, శంకువులు అన్ని రకాలూ కనిపిస్తాయి. పులివెందుల ప్రాంతంలో తాడిపత్రి శిలల్లోకి చొచ్చుకువచ్చిన అగ్నిశిల వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్ళని కొలిచారు. వేంపల్లె పొరలు దానికంటే పాతవి. అంటే సరటోగా క్రిప్టోజోవన్‌కంటే దాదాపు 140 కోట్ల ఏళ్ళు ముందువి. ఈ కాలంలో జంతువులు లేవు. అందువల్ల ఈ గుమ్మటాల్లో స్పంజిక ప్రశ్న తలెత్తదు.

1978లో విలియం షాఫ్, కె. ఎన్. ప్రసాద్ వేంపల్లె శిలల్లోని కొలీనియా తరహా స్ట్రొమటోలైట్ల నుంచి సూక్ష్మ శిలాజాలను వర్ణించారు. చకుముకి లాంటి సిలికా త్వరగా పట్టేసిన చోట మాత్రమే కణాల రూపం చెడిపోకుండా నిలిచింది. స్ట్రొమటోలైట్‌లో దాన్ని కట్టిన జీవే దొరకడం అరుదు గనక ఈ పరిశోధనకు ప్రాధాన్యం ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలోని యురేనియం ఖనిజం కూడా వేంపల్లె డోలమైట్‌లోనిదే. ఫాస్ఫేటు కలిసిన ఆ పొరల్లో స్ట్రొమటోలైట్ నిర్మాణం కనిపిస్తుంది.

పల్నాటి సున్నపురాయి

పల్నాడులో పైకి కనిపించేది ఎక్కువగా కర్నూలు సముదాయం. అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, దాని మీద నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అన్నది ఈ సముదాయపు క్రమం. నార్జి సున్నపురాయి బూడిద, నీలి, లేత ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో, సన్నని చదునైన పొరలతో ఉంటుంది. ఇళ్ళలో పరిచే నాపరాయి ఇదే. క్వారీలో గునపం మొన పొర సందులో పెట్టి కొడితే బండ పొర వెంటే చీలుతుంది. దేనికదే ఒకనాటి సముద్రపు అడుగు.

చీలిన బండ పక్కఅంచును నీళ్ళతో తడిపి చూస్తే వెంట్రుకవాసి పొరలు బయటపడతాయి. ముదురు గీతల్లో బంకమట్టి ఎక్కువ, లేత గీతల్లో సున్నం ఎక్కువ. నిశ్చలమైన నీటిలో సన్నని బురద దిగినా ఇటువంటి గీతలు వస్తాయి, సూక్ష్మజీవుల చాప కప్పినా వస్తాయి. చాపవల్ల వచ్చిన పొర ముడతలు పడి, ఒకే మందంలో ఉండక, ఉబ్బిన చోట మందంగా, పల్లంలో పలచగా ఉంటుంది. బురద దిగితే వచ్చిన పొర అందుకు విరుద్ధం. అది పల్లాన్ని నింపుతుంది, ఉబ్బు మీద పలచబడుతుంది. క్షేత్రంలో స్ట్రొమటోలైట్‌ను గుర్తించే మొదటి పరీక్ష ఇదే.

నార్జి రాయి వయసుకు వజ్రాలు ఒక సాక్ష్యం. బనగానపల్లె అడుగు పొరల్లోని గులకరాళ్ళలో వజ్రాలు దొరికేవి. వజ్రాలను లోతుల నుంచి తెచ్చేది కింబర్లైట్ శిల. అనంతపురం జిల్లా వజ్రకరూరు కింబర్లైట్లు సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందటివి. ఆ వజ్రాలు వాటి నుంచే కొట్టుకొచ్చాయనుకుంటే కర్నూలు సముదాయం 110 కోట్ల ఏళ్ళకంటే చిన్నదై ఉండాలి. పల్నాటిలో కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రపు గనులు నది కంకరలోనివి గనక ఈ లెక్కలోకి రావు.  రెండో సాక్ష్యం నార్జి మీద ఉన్న అవుకు షేల్ నుంచి వచ్చింది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన ముకుంద్ శర్మ, యోగమాయ శుక్లా 2012లో ఈ షేల్ నుంచి స్ప్రింగులా చుట్టుకున్న ఒబ్రుచెవెల్లా అనే సూక్ష్మ శిలాజాన్ని వర్ణించి, ఈ పొరలు కేంబ్రియన్‌కు ముందున్న ఎడియకారన్ యుగానివి కావచ్చని సూచించారు.

ఈ రెండు సాక్ష్యాల మధ్య నార్జి సున్నపురాయి 110 కోట్ల నుంచి 54 కోట్ల ఏళ్ళ నడిమి కాలంలో పడుతుంది. జంతువులు ఇంకా రాని కాలం నుంచి తొలి స్పంజికలు వచ్చే కాలం దాకా ఈ వ్యవధి విస్తరించింది. నార్జి రాయిలో గవ్వ లేదు, పగడం లేదు. తరవాతి కాలపు సున్నపురాళ్ళు చాలావరకు జంతువుల చిప్పల పొడితో ఏర్పడ్డాయి. నార్జి రాయిలోని సున్నం మాత్రం నీటి నుంచి నేరుగాగాని సూక్ష్మజీవుల ప్రమేయంతోగాని దిగినదే.

ప్రకాశం ప్రాంతపు పొరలు

మార్కాపురం, కంభం ప్రాంతాల పలకరాయి కడప ద్రోణిలోని నల్లమల సముదాయానిది. బంకమట్టి పొరలు ఒత్తిడికి గురై గట్టిపడడంవల్ల ఇది ఏర్పడింది. బడిపిల్లల పలకలు తయారుచేసే పరిశ్రమ మార్కాపురంలో దీనివల్లే వెలిసింది. పలక చీలే తలం పాత సముద్రపు అడుగు కాకపోవచ్చు. పర్వతాలు లేచినప్పటి ఒత్తిడి ఏర్పరచిన తలం అది. అందుకే పలక మీద సూక్ష్మజీవుల పొరలను వెదకడం వృథా.

ఒంగోలు పరిసరాల్లోని బూదవాడ, వేమవరం, పావులూరు పొరలు పూర్తిగా వేరే కథ. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1879లో వీటిని బూదవాడ ఇసుకరాయి, వేమవరం షేల్, పావులూరు ఇసుకరాయి అని మూడుగా వర్ణించాడు. ఇవి క్రెటేషియస్ తొలి భాగానివి, వయసు సుమారు 12 నుంచి 13 కోట్ల ఏళ్ళు. భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు కొత్తగా తెరుచుకున్న తీరంలో ఇవి పేరుకున్నాయి. వేమవరం షేల్‌లో టైలోఫిల్లమ్ వంటి మొక్కల ఆకుల ముద్రలు ఉన్నాయి. ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ వాటిని వర్ణించాడు. అదే పొరల సముదాయంలో అమ్మోనైట్లు కూడా ఉన్నాయి. 1933లో ఎల్. ఎఫ్. స్పాత్ వర్ణించిన పాస్కోయైటిస్ బూదవాడెన్సిస్ పేరులోనే ఆ ఊరు ఉంది. తీరపు చెట్ల ఆకులు, సముద్ర జీవుల చిప్పలు ఒకేచోట దొరకడం నది, సముద్రం కలిసే చోటును సూచిస్తుంది. ఈ కాలానికి ప్రపంచ సముద్రాల్లో గాజు స్పంజికలు, సున్నపు స్పంజికలు సమృద్ధిగా ఉన్నాయి. పల్నాటి సున్నపురాయికి, వేమవరం షేల్‌కు మధ్య దూరం నేలమీద వంద కిలోమీటర్లే అయినా, కాలంలో కనీసం 40 కోట్ల ఏళ్ళు.

శిలాజాలుగా పొరపడే రూపాలు

నాపరాయి బండల మీద ఫెర్న్ ఆకుల్లా కనిపించే నల్లని కొమ్మలు మొక్కల ముద్రలు కావు. రాతి సందుల్లోకి దిగిన నీటి నుంచి మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు అలా పరుచుకుంటాయి. వీటిని డెండ్రైట్లు అంటారు. బండను అడ్డంగా కోసినప్పుడు రంపపు పళ్ళలా కనిపించే ముదురు గీతలు కూడా జీవి గుర్తులు కావు. పైబరువు ఒత్తిడికి సున్నం కరిగిపోగా మిగిలిన మట్టి గీతలవి, పేరు స్టైలోలైట్లు. నల్లరేగడిలో దుక్కి దున్నినప్పుడు తగిలే సున్నపు గుళ్ళు మరొక ఉదాహరణ. నేలలోని తేమ ఆరేటప్పుడు సున్నం గడ్డకట్టి ఇవి వస్తాయి. వీటిలో కొన్నింటికి లోపల వలయాలు ఉన్నా వాటి వయసు తక్కువే, సముద్రంతో వాటికి సంబంధం లేదు.

చూపు ఎంత అనుభవం ఉన్నవారినైనా మోసగించగలదు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహలో 2021లో డికిన్సోనియా అనే ప్రాచీన జంతువు శిలాజం ఉన్నట్టు ప్రకటించారు. తరవాతి పరిశీలనలో అది తేనెపట్టు ఊడిపోగా మిగిలిన మరక అని తేలింది.

స్పంజిక అని చెప్పడానికి కనీస ఆధారాలు మూడు ఉన్నాయి: క్రమమైన కిరణాలున్న కంటకాలు, నీరు ప్రవహించిన కాలువల వ్యవస్థ, లేదా మూడు దిక్కులా ఒకే మందంతో అల్లుకున్న నారల వల. వీటిలో ఒక్కటీ లేని పొర గుమ్మటాన్ని స్ట్రొమటోలైట్‌గానే లెక్కించాలి. పలుచని ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి పొంగుతుంది, పలకరాయి పొంగదు, డోలమైట్ పొడి చేస్తేనే పొంగుతుంది. ఈ పరీక్ష రాయి రకాన్ని చెబుతుంది, జీవిని చెప్పదు.

వినియోగం, పరిరక్షణ

పల్నాటి సున్నపురాయి రెండు వేల ఏళ్ళకు పైగా వాడుకలో ఉంది. అమరావతి స్తూపం, నాగార్జునకొండ శిల్పాలు దీనితో చెక్కినవే. మెత్తని రేణువు, చదునైన పొర ఉండడంవల్ల సన్నని నగిషీ దీనిలో చక్కగా వస్తుంది. కాలిన్ మెకంజీ 1797లో అమరావతిని చూశాడు. వాల్టర్ ఇలియట్ 1845లో అక్కడ తవ్వించాడు. ఆ శిల్పాలు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటిని పాలరాయి అని పిలవడం వాడుక. నిజానికి అది రూపాంతరం చెందని సున్నపురాయి.

నేడు ఈ రాయి ప్రధానంగా సిమెంటుకు, సున్నానికి పోతోంది. మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958లో మొదలైంది. టన్ను క్లింకరుకు సుమారు టన్నున్నర సున్నపురాయి పడుతుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో రాయిని కాలిస్తే స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడుగా గాలిలో కలిసిపోతుంది. మిగిలేది పొడిసున్నం. పొరల గుర్తులన్నీ ఆ మంటలోనే చెరిగిపోతాయి.

రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా, చిత్తోడ్‌గఢ్ దగ్గరి భోజుండా స్ట్రొమటోలైట్లను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ జాబితాకెక్కిన వాటిలో మంగంపేట బెరైటీసు, తిరుమల శిలాతోరణం, తిరుమల కనుమదారిలోని శిలా విరామ తలం, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. క్వారీల్లో కొత్త కోతలు రోజూ తెరుచుకుంటున్నాయి కాబట్టి వేంపల్లె, పల్నాడు ప్రాంతాల కళాశాలల భూవిజ్ఞాన, జంతుశాస్త్ర విభాగాలకు నమూనాల కొరత లేదు. అయితే ఏ ఊరి క్వారీలోది, ఎన్నో పొరలోది, పైవైపు ఏది అన్న మూడు వివరాలు రాసిపెట్టకుండా తెచ్చిన రాయి, దాని మీద ఎంత స్పష్టమైన గుమ్మటం ఉన్నా, సాక్ష్యంగా చెల్లదు.